మూడు మీటర్ల ట్రెంచ్, నిటారు గోడలు, సగం రోజు పని: షోరింగ్ అవసరమా?

మీరు అడిగింది ఇది. హైదరాబాదు కాలనీలోని 20 అడుగుల దారిలో మురుగునీటి పైపు వేయడానికి 3 మీటర్ల లోతు, 1 మీటరు వెడల్పుతో ట్రెంచ్ తవ్వుతున్నారు. నేల గట్టి మొరం. జేసీబీ పళ్లకు కూడా అది సులువుగా లొంగడం లేదు, తవ్విన గోడలు గీత గీసినట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఈ నేలకు షోరింగ్, అంటే గోడలు కూలకుండా పెట్టే తాత్కాలిక ఆధారం, అక్కర్లేదనీ, పైపు దింపి జాయింట్ వేసి సగం రోజులో పూడ్చేస్తామనీ కాంట్రాక్టర్ చెబుతున్నారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన మీరు ఆ మాట నమ్మవచ్చా అని సందేహపడుతున్నారు.

నమ్మకూడదు. గోడలకు ఆధారం లేని 3 మీటర్ల నిటారు ట్రెంచ్‌లోకి ఒక్క నిమిషం పనికైనా మనిషిని దింపకూడదు. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 1.5 మీటర్లు, అంతకు మించిన లోతున్న ట్రెంచ్ పక్కలను వాలుగానైనా మెట్లుగానైనా కోయాలనీ, లేదా కలపతో గట్టిగా బిగించి ఆపాలనీ కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) భద్రతా నియమావళి చెబుతుంది. తవ్వకాల భద్రతకు మన దేశంలో ప్రత్యేక ప్రమాణంగా ఉన్న ఐఎస్ 3764 కూడా ఇదే మార్గంలో నడుస్తుంది. మీ ట్రెంచ్ లోతు ఆ హద్దుకు రెట్టింపు. అయితే నియమం ఉందని చెప్పినంత మాత్రాన సైటులో ఎవరూ వినరు. గోడ నిలబడి కనిపిస్తున్నప్పుడు అది పడుతుందని ఎందుకు అంటున్నామో మీరు వివరించగలగాలి. అందుకే ముందు మట్టి సంగతి చెబుతాను.

తవ్వకముందు ఆ గోడలోని మట్టిని పక్కనున్న మట్టి ఒత్తి పట్టుకుని ఉంటుంది. తవ్వగానే ఒక పక్క ఆధారం పోతుంది. అయినా గోడ వెంటనే కూలదు. మట్టి రేణువుల మధ్య ఉండే సహజమైన బంధం కొంత, రంధ్రాల్లోని కొద్దిపాటి తేమ రేణువులను దగ్గరకు లాగే శక్తి కొంత కలిసి దాన్ని తాత్కాలికంగా నిలబెడతాయి. ఈ రెండింటిలో రెండోది నమ్మదగినది కాదు, ఎందుకంటే మట్టి మరీ ఎండినా, నీరు ఎక్కువైనా ఆ లాగుడు పోతుంది. ఈలోగా గోడ కంటికి కనిపించనంత స్వల్పంగా ట్రెంచ్ వైపు ఒరుగుతుంది. దాంతో అంచుకు కొంచెం వెనుక, నేలపై పగుళ్లు మొదలవుతాయి. సాధారణంగా ఈ పగులు అంచు నుంచి ట్రెంచ్ లోతులో సగం నుంచి ముప్పాతిక వంతు దూరంలో వస్తుంది. మీ ట్రెంచ్ విషయంలో అంచుకు 1.5 నుంచి 2.25 మీటర్ల వెనుక అన్నమాట. అక్కడ సాధారణంగా తవ్విపోసిన మట్టి కుప్ప ఉంటుంది కాబట్టి పగులు ఎవరి కంటా పడదు.

ఈ పగులు ఎంత మార్పు తెస్తుందో ఒక చిన్న లెక్కతో చూడండి. ఘనమీటరుకు 1.8 టన్నుల బరువు, చదరపు మీటరుకు 1.5 టన్నుల సంసంజన బలం (రేణువుల మధ్య బంధం) ఉన్న ఒక మోస్తరు బంకమట్టిని తీసుకుందాం. పగులు లేనప్పుడు ఇలాంటి మట్టి సిద్ధాంతపరంగా సుమారు 3.3 మీటర్ల ఎత్తు వరకు నిటారుగా నిలవగలదు. పైభాగంలో పగులు ఏర్పడిందని లెక్కలోకి తీసుకుంటే అదే మట్టి నిలవగల ఎత్తు దాదాపు 2.2 మీటర్లకు పడిపోతుంది. ఆ పగులులోకి నీరు చేరితే ఇంకా తగ్గుతుంది. అంటే 3 మీటర్ల ట్రెంచ్ తవ్విన గంటలో మొదటి లెక్క ప్రకారం నిలుస్తుంది, మధ్యాహ్నానికి రెండో లెక్క ప్రకారం నిలవదు. మట్టి అదే, లోతు అదే, పైన ఎవరూ ఏమీ మార్చలేదు. పొద్దున నుంచి నిలబడే ఉంది కదా అని కాంట్రాక్టర్ చూపించే సాక్ష్యం నిజానికి అతని వాదనకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. ట్రెంచ్ ఎంత సేపు తెరిచి ఉంటే అంత బలహీనపడుతుంది.

ఇక మొరం మాట. హైదరాబాదు చుట్టుపక్కల మనం మొరం అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం గ్రానైటు రాయి కాలక్రమంలో శిథిలమై తయారైంది. రాయి మెత్తబడినా, రాయిలో మొదట్నుంచీ ఉన్న అతుకు పొరలు, అంటే రాయి విడిపోయే తలాలు, మాత్రం మట్టిలోనూ అలాగే మిగిలి ఉంటాయి. వాటిలో చాలాచోట్ల పల్చటి బంకపొర పేరుకుని ఉంటుంది. అతుకు ట్రెంచ్ వైపుకు వాలి ఉంటే, గడ్డపారకు కూడా లొంగని గట్టి దిమ్మ మొత్తం ఆ బంకపొర మీద జారి ఒక్కసారిగా దిగుతుంది. మెత్తటి మట్టి కూలేముందు కొంత రాలుతుంది, కొంత ఉబ్బుతుంది. ఇది ఆపాటి సూచన కూడా ఇవ్వదు. మొరంలో అక్కడక్కడా శిథిలం కాకుండా మిగిలిన గుండ్లు ఉంటాయి. జేసీబీ సగం చుట్టూ తవ్వి వదిలేసిన గుండు గోడలో వేలాడుతూ ఉంటే దాని కింద మనిషి పనిచేయడం ఎంతమాత్రం తగదు. కనుక నేల గట్టిదనాన్ని జేసీబీ పడే కష్టంతో కొలవకండి. గోడలో వాలుగా సాగే గీతలు, రంగు మారిన పొరలు, తడి చారలు ఉన్నాయేమో చూడండి.

కాలనీ దారుల్లో మరో చిక్కు ఏమిటంటే అక్కడి నేల అసలు నేల కాదు. ఎప్పుడో మంచినీటి పైపు కోసం తవ్వి పూడ్చిన మట్టి ఒక పక్క, కేబుల్ కోసం తవ్వినది మరో పక్క, పాత ఇళ్ల సెప్టిక్ ట్యాంకులూ ఇంకుడు గుంతలూ ఇంకో పక్క ఉంటాయి. చెరువు శిఖం, అంటే చెరువు ముంపు భూమి, మీద వేసిన కాలనీ అయితే పై రెండు మూడు మీటర్లూ ఇళ్ల శిథిలాలు, చెత్త కలిసిన పూడిక కావచ్చు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో ఒక మంచి సూత్రం ఉంది. ఇంతకుముందు ఒకసారి తవ్విన నేలను, పగుళ్లున్న నేలను, వాహనాల అదురు తగిలే నేలను, అది ఎంత గట్టిగా ఉన్నా సరే, మొదటి తరగతి నేలగా పరిగణించకూడదు. ఈ మూడింటిలో కనీసం రెండు మీ దారికి వర్తిస్తాయి. నల్లా నీళ్ల విషయం కూడా గుర్తుంచుకోండి. రోజు విడిచి రోజు నీరు వదిలే చోట, పాత పైపు జాయింటు కారేది కూడా ఆ సమయంలోనే. నిన్న పొడిగా ఉన్న గోడ ఇవాళ నీరు వదిలిన గంట తర్వాత అడుగున నానుతుంది. సరఫరా వేళ లైన్‌మన్‌ని అడిగి తెలుసుకుని, ఆ సమయంలో ట్రెంచ్‌లో ఎవరూ లేకుండా చూడండి.

కూలితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మట్టే కదా, పారలతో తీసేయవచ్చు అన్న ధీమా మన సైట్లలో చాలా ఎక్కువ. 3 మీటర్ల గోడ నుంచి పైన 1.5 మీటర్ల వెడల్పున్న త్రికోణపు ముక్క విరిగిపడితే, పొడవులో ప్రతి మీటరుకు 2.25 ఘనమీటర్ల మట్టి దిగుతుంది. బరువు సుమారు 4 టన్నులు. ఒక మీటరు వెడల్పున్న ఇరుకులో నిలబడ్డ మనిషికి పక్కకు తప్పుకునే చోటే ఉండదు. తల బయట ఉన్నా ప్రాణం దక్కుతుందన్న హామీ లేదు. ఛాతీ వరకు మట్టి పడితే ఊపిరి వదిలిన ప్రతిసారీ చుట్టూ ఉన్న మట్టి ఆ ఖాళీలోకి సర్దుకుంటుంది, మళ్లీ ఛాతీని ఉబ్బించే అవకాశం ఇవ్వదు. ఇదంతా నిమిషాల వ్యవహారం.

సగం రోజే అన్న వాదనకు నా జవాబు ఇది. ప్రమాదం జరిగేది మనుషులు లోపల ఉన్నప్పుడు, వాళ్లు లోపలికి వెళ్లేది తవ్వకం పూర్తయి గోడ ఎక్కువగా సడలిన తర్వాతే. తవ్వేటప్పుడు జేసీబీ డ్రైవరు పైన ఉంటాడు. అడుగు చదును చేయడానికి, పైపు కింద బెడ్డింగ్ ఇసుక పరచడానికి, లెవెల్ పట్టడానికి, పైపు మూతి సరిచేయడానికి, రబ్బరు రింగు ఎక్కించడానికి కూలీలు దిగుతారు. వీటిలో ఎక్కువ పనులు వంగి, లేదా మోకాళ్ల మీద కూర్చుని చేసేవి. కూర్చున్న మనిషికి 1.5 మీటర్ల గోడ కూడా తల మీదుగా ఉంటుంది. అందుకే 1.5 మీటర్ల కన్నా తక్కువ లోతులోనూ నేల అనుమానంగా ఉంటే ఆధారం పెట్టమని నేను చెబుతాను.

ఇప్పుడు ఏం చేయాలన్నది. మొదటి మార్గం గోడలను వాలుగా కోయడం. మాన్యువల్‌లో ఇది చదవడానికి సులువుగా ఉంటుంది, మీ దారిలో కుదరదు. ఒకటికి ఒకటి వాలు ఇస్తే 3 మీటర్ల లోతుకు పైన వెడల్పు 7 మీటర్లు అవుతుంది, మీ దారి మొత్తం 6.1 మీటర్లే. తవ్విన మట్టి సంగతీ అంతే. మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా ట్రెంచ్ లోతులో సగం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో వేయాలన్నది సీపీడబ్ల్యూడీ నియమం. మీకు రెండూ 1.5 మీటర్లే వస్తాయి. పొడవులో ప్రతి మీటరుకు 3 ఘనమీటర్లు తవ్వితే, వదులయ్యాక అది దాదాపు 3.75 ఘనమీటర్లు అవుతుంది. దాన్ని సహజంగా నిలిచే వాలులో కుప్ప పోస్తే కుప్ప అడుగు వెడల్పే 4 మీటర్లు దాటుతుంది. ట్రెంచ్ ఒక మీటరు, వదలాల్సిన దూరం 1.5 మీటర్లు, కుప్ప 4 మీటర్లకు పైగా, అన్నీ కలిపితే ఒక పక్కనే దారి అయిపోయింది. జనం నడవడానికి, టిప్పర్ నిలవడానికి చోటే లేదు. కనుక ఆ దారిలో నియమం పాటిస్తూ మట్టి పక్కన పోయడం అసాధ్యం. తవ్వింది తవ్వినట్లు టిప్పర్‌లోకి ఎత్తి మరోచోట నిలవ చేసి, పూడ్చేటప్పుడు తిరిగి తేవాలి. మీ కాంట్రాక్టర్ ఇప్పుడు అంచునే కుప్ప పోస్తూ ఉంటే, షోరింగ్ గురించి మాట్లాడకముందే ముందుగా ఆపించాల్సింది అదే. కూలబోయే ముక్క నెత్తిన ఆయన స్వయంగా బరువు పెడుతున్నారు.

కాబట్టి మీకు మిగిలింది షోరింగ్, లేదా ట్రెంచ్ బాక్స్ (కూలీ లోపల ఉండి పనిచేసే ఉక్కు పెట్టె). సరుగుడు బాదులు నాలుగు అడ్డం కొట్టి షోరింగ్ అయిపోయిందని చెప్పే అలవాటు ఉంది కాబట్టి, ఆ ఆధారం మీద పడే బరువు ఎంతో ఒకసారి చూడండి. నీరు లేని ఇసుక మొరంలో 3 మీటర్ల లోతుకు మట్టి తోపుడు పొడవులో మీటరుకు సుమారు 2.7 టన్నులు ఉంటుంది. అంచు దగ్గర యంత్రమో వాహనమో నిలిచి చదరపు మీటరుకు ఒక టన్ను భారం వేస్తే మరో టన్ను కలుస్తుంది. షోరింగ్‌లో ఈ తోపుడు పైనుంచి కింది వరకు దాదాపు సమానంగా పంచుకుంటుందని తీసుకునే వాడుక లెక్క ప్రకారం, పొడవులో 1.5 మీటర్లకు ఒకటి చొప్పున, రెండు వరుసల్లో స్ట్రట్లు (రెండు గోడల మధ్య అడ్డంగా బిగించే దూలాలు) పెడితే ఒక్కో స్ట్రట్ దాదాపు మూడున్నర టన్నులు మోయాలి. ఇది మీకు అంచనా రావడానికి చెప్పిందే తప్ప డిజైను కాదు. మీ నేలకు, మీ లోతుకు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగ్ ఉండాలి. స్లాబు సెంటరింగ్‌కు వాడే జాకీలను అడ్డంగా బిగించి పని కానిచ్చే పద్ధతిని ఒప్పుకోకండి. అవి నిలువు బరువు కోసం చేసినవి. అడ్డంగా పెట్టినప్పుడు బకెట్టు తగిలినా, కూలీ కాలు పెట్టి ఎక్కినా వంగుతాయి, వంగిన స్ట్రట్ మోయాల్సిన బరువు మోయలేదు. ట్రెంచ్ స్ట్రట్లుగానే తయారైన స్క్రూ జాకీలు వేరే దొరుకుతాయి.

ఇలా పొడవుగా సాగే పైపు పనికి ట్రెంచ్ బాక్స్ మేలని నేను భావిస్తాను. రెండు ఉక్కు పలకల మధ్య అడ్డు పైపులు బిగించిన ఈ పెట్టెను ఎక్స్‌కవేటర్‌తో దింపి, పని ముందుకు సాగేకొద్దీ ముందుకు లాగుతారు. కూలీ ఎప్పుడూ పెట్టె లోపలే ఉంటాడు. ఇది గోడ కూలకుండా ఆపడానికి చేసిన పరికరం కాదు, కూలినా మనిషి మీద పడకుండా కాపాడేందుకు చేసినది. అందువల్ల పెట్టె చివర దాటి ఒక్క అడుగు వేసినా రక్షణ లేదు. పెట్టెను జరుపుతున్నప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. పెట్టె పై అంచు నేలమట్టం కన్నా కొంచెం ఎత్తుగా ఉంటే పైనుంచి రాళ్లు దొర్లిపడవు. స్థానికంగా వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు, కానీ పలక మందం, అడ్డు పైపు కొలత, వెల్డు పొడవు లెక్క కట్టి ఇచ్చినవై ఉండాలి.

కలప లేదా ఉక్కు పలకల షోరింగే పెడితే, పెట్టే క్రమం తప్పితే షోరింగ్ పెట్టే మనిషే మొదట బలి అవుతాడు. పై స్ట్రట్ ముందు బిగించాలి, తర్వాత కిందిది. బిగించే మనిషి తన కన్నా పైన ఉన్న గోడకు ఆధారం ఉన్నచోటే నిలబడాలి. తీసేటప్పుడు క్రమం తిరగబడుతుంది. కింద పూడ్చి గట్టిపరిచిన తర్వాత కింది స్ట్రట్, ఆపైన కొంత పూడ్చి పై స్ట్రట్. పలకలు ఖాళీగా ఉన్నాయి, పక్క వీధిలో కావాలి అంటూ పూడ్చకముందే పైనుంచి పీకేయడం నేను ఎన్నో సైట్లలో గమనించాను. షోరింగ్ ఉన్న ట్రెంచ్‌లో జరిగే ప్రమాదాలకు ఈ తొందర ఒక ముఖ్య కారణం.

నిచ్చెన గురించి మన నియమంతో నాకు కొంత విభేదం ఉంది. 1.2 మీటర్లు దాటిన ట్రెంచ్‌లో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలనీ, అది అంచుకు 90 సెంటీమీటర్లు పైకి రావాలనీ సీపీడబ్ల్యూడీ నియమావళి అంటుంది. పైకి రావాల్సిన ఎత్తు సరైనదే, దూరం మాత్రం చాలా ఎక్కువ. 30 మీటర్లకు ఒకటంటే మనిషి 15 మీటర్లు పరుగెత్తాలి, ఇరుకులో, పైపుల మీదుగా, స్ట్రట్ల కింద తల వంచుకుంటూ. ఓషా నిబంధన ప్రకారం ఏ కూలీ అయినా 25 అడుగులు, అంటే సుమారు 7.6 మీటర్లు, నడవకముందే నిచ్చెన చేరగలగాలి. మీరు దీన్నే అనుసరించండి. నిచ్చెనకు ఖర్చు పెద్దగా ఉండదు. స్ట్రట్లు పట్టుకుని ఎక్కి దిగడాన్ని మాత్రం మొదటి రోజే ఆపించండి.

తనిఖీ ఎవరు చేయాలన్నది మీకు నేరుగా సంబంధించిన విషయం. రోజూ పని మొదలయ్యే ముందు, వాన పడిన తర్వాత, మధ్యాహ్న విరామం తర్వాత, దగ్గర్లో రోలర్ నడిచిన తర్వాత ట్రెంచ్ పొడవునా నడిచి చూసే ఒక మనిషి ఉండాలి. అతనికి నేల తెలిసి ఉండాలి, అంతకన్నా ముఖ్యంగా, అందరినీ పైకి రమ్మని చెప్పే అధికారం ఉండాలి. చూసి ఫోన్ చేసి అనుమతి కోసం ఎదురుచూసే మనిషి వల్ల ప్రయోజనం లేదు. అంచు వెనుక సన్నటి పగులు, గోడ అడుగున ఉబ్బు, పైనుంచి ఆగి ఆగి రాలే పిడికెడు మట్టి, స్ట్రట్ నుంచి వచ్చే కిర్రుమనే శబ్దం, అడుగున కొత్తగా చేరిన తడి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు మనుషులు బయటికి రావాలి, ఆలోచన తర్వాత. కాంట్రాక్టు రాతల్లో అడ్డేమీ లేకపోతే ఆ అధికారాన్ని గుంపు మేస్త్రికి కూడా ఇప్పించండి. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కూలీలు ఇంజనీరు మాట కన్నా తమ మేస్త్రి కేకకు వేగంగా కదులుతారు.

మురుగు పైపు పని కాబట్టి వాయువుల గురించి ఒక మాట. పాత మ్యాన్‌హోల్‌కు కొత్త లైను కలిపే చోట, పాత పైపు పగిలిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ ట్రెంచ్‌లోకి చేరి అడుగున నిలుస్తుంది. కుళ్లిన వాసన వస్తే తెలిసిపోతుందన్న ధైర్యం పనికిరాదు, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. గ్యాస్ డిటెక్టర్ దింపి చూడకుండా కలపడం పని మొదలుపెట్టవద్దు. నీరు తోడే డీజిల్ ఇంజను ఎప్పుడూ పైనే ఉండాలి. కరెంటు కేబుల్, గ్యాస్ పైపు వివరాల కోసం 2023లో వచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో నమోదు చేయండి, అయినా మొదట చేత్తో పరీక్ష గుంతలు తవ్వి చూశాకే జేసీబీని పెట్టండి.

మీ ప్రశ్న హైదరాబాదు మొరం గురించే అయినా, ఇదే పని డెల్టాలో చేసే మిత్రుల కోసం కొంత చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నేలల్లో చాలాచోట్ల కొద్ది లోతులోనే నీరు తగులుతుంది. అక్కడ గోడ కన్నా ముందు అడుగు మోసం చేస్తుంది. ట్రెంచ్‌లో గుంత చేసి పంపు పెట్టి తోడుతుంటే, నీటితో పాటు సన్న ఇసుక కూడా పైకి ఉబికి వస్తుంది, ఇరుపక్కల గోడల కింద బోలు ఏర్పడుతుంది, దూరంగా ఉన్న ప్రహరీ కూడా కుంగుతుంది. అలాంటి చోట వెల్‌పాయింట్లతో (నేలలోకి దింపి నీరు తోడే సన్నని గొట్టాలతో) ముందుగానే నీటిమట్టాన్ని ట్రెంచ్ అడుగు కన్నా కిందికి దించాలి, లేదా షీట్ పైళ్లను (ఒకదానికొకటి తగిలించే ఉక్కు పలకలను) అడుగు కన్నా లోతుకు దిగ్గొట్టాలి. నల్లరేగడిలో వేసవి పగుళ్లే ముందుగా సిద్ధమైన జారుడు దారులు. తొలకరి వానకు అవి నిండుతాయి.

సెల్లార్ తవ్వకాలు వేరే పెద్ద విషయం, వాటి గురించి ఇక్కడ ఒక్క సంగతే చెబుతాను. వర్షాకాలం ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఆదేశాలు ఇవ్వడానికి కారణం మీరు పైన చదివిందే. తవ్వకం అంచున గానీ, పక్క స్థలం ప్రహరీ నీడన గానీ కూలీల గుడిసెలు వేయనివ్వకండి. 2019 జూన్ 29న పుణెలోని కోంఢ్వాలో నివాస సముదాయం ప్రహరీ పక్క నిర్మాణ స్థలంలోని కూలీల గుడిసెల మీద కూలి పిల్లలతో సహా 15 మంది చనిపోయారు. వాళ్లు ఆ సమయంలో పని కూడా చేయడం లేదు.

కూలిపోవడం జరిగితే ఏం చేయాలో పని మొదలుకాకముందే అందరికీ చెప్పి ఉంచాలి. మొదటి నియమం, ఎవరూ దూకకూడదు. ఒక పక్క కూలిన ట్రెంచ్‌లో ఎదురు గోడ, కూలిన చోట మిగిలిన పై అంచు రెండూ సగం ఊడి ఉంటాయి. తోటివాడిని కాపాడాలని దిగినవాళ్ల మీద రెండోసారి కూలి మృతుల సంఖ్య పెరగడం ఇలాంటి ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఆ దుఃఖంలో దూకకుండా ఆగడం మనిషికి చాలా కష్టం, అందుకే ముందే మాట్లాడుకోవాలి. దగ్గర్లోని యంత్రాలన్నీ ఆపించండి, కానీ అంచున ఉన్న జేసీబీని వెనక్కి తీయకండి, దాని అదురు కూడా ప్రమాదమే. జనాన్ని అంచు నుంచి దూరం జరపండి. 112కు, 101కు, 108కు ఫోన్ చేసి మట్టి కూలి మనిషి చిక్కుకున్నాడని స్పష్టంగా చెప్పండి, ఎంతమందో, చివరిసారి ఎక్కడ నిలబడి ఉన్నారో గుర్తు పెట్టండి. పంపు నడుస్తుంటే నడవనివ్వండి. నీరు చేరితే ఉన్న అవకాశమూ పోతుంది.

జేసీబీ బకెట్టుతో మనిషి ఉన్నచోట తవ్వించకండి. నడుము వరకు కూరుకున్న వ్యక్తిని తాడు కట్టి లాగితే వెన్నుకు, కీళ్లకు తీవ్రమైన దెబ్బ తగులుతుంది తప్ప మట్టి వదలదు. రక్షణ సిబ్బంది ముందు గోడలకు ఆధారం పెట్టి, తర్వాత చేతులతో, చిన్న పారలతో తల, ఛాతీ దగ్గర మట్టి తీస్తారు. చాలాసేపు ఒత్తిడిలో నలిగిన కండరాల నుంచి పొటాషియం వంటి పదార్థాలు, బరువు తీయగానే ఒక్కసారిగా రక్తంలోకి చేరి గుండెను ఆపగలవు. కనుక పూర్తిగా బయటికి తీయకముందే వైద్య సిబ్బంది అక్కడ ఉండాలి, ఎంతసేపు కూరుకుపోయి ఉన్నాడో వాళ్లకు చెప్పాలి. బయటికి వచ్చాక లేచి మాట్లాడుతున్నాడని ఇంటికి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. అలా ఎంతమాత్రం చేయకండి.

చివరిగా డబ్బు, బాధ్యత. కాంట్రాక్టర్ మొండితనానికి అసలు కారణం చాలాసార్లు ఎస్టిమేటులోనే ఉంటుంది. షోరింగ్‌కు విడిగా ఐటెం లేకపోతే అది తన జేబులోంచి పోతుందని ఆయన లెక్క. సీపీడబ్ల్యూడీ రేట్ల పట్టికలో ట్రెంచ్‌లకు క్లోజ్ టింబరింగ్ (ఖాళీ లేకుండా పలకలు), ఓపెన్ టింబరింగ్ (మధ్య మధ్య ఖాళీతో పలకలు) విడివిడి ఐటెంలుగా, 1.5 మీటర్ల వరకు, 1.5 నుంచి 3 వరకు, 3 నుంచి 4.5 వరకు అని లోతుల వారీగా ఉన్నాయి. మీ ఎస్టిమేటులో అలాంటి ఐటెం ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే అదనపు ఐటెం ప్రతిపాదన మీరే రాసి పై అధికారికి పంపండి. కాంట్రాక్టర్‌కు మీరు చేయగల నిజమైన సాయం అదే, ఆ తర్వాత ఆయన వాదన చాలావరకు మెత్తబడుతుంది. బాధ్యత సంగతికి వస్తే, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కింద 1998లో చేసిన కేంద్ర నిబంధనల్లో తవ్వకాలకు ప్రత్యేక అధ్యాయమే పెట్టారు. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో కలిపారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు అవుతుంది, సైటులో ఉన్న ఇంజనీరు పేరు అందులో చేరడం అరుదేమీ కాదు.

రేపు ఉదయం మీరు చేయదగినది ఇది. సైట్ ఆర్డర్ బుక్‌లో తేదీ, చైనేజీ (లైను మొదలు నుంచి దూరం), లోతు, అంచున ఉన్న మట్టి కుప్ప దూరం రాసి, గోడలకు ఆధారం పెట్టే వరకు 1.5 మీటర్లు దాటిన భాగంలోకి ఎవరూ దిగకూడదని రాయండి, కాంట్రాక్టర్ ప్రతినిధి సంతకం తీసుకోండి, ఫొటో తీసి పై అధికారికి పంపండి. ఇప్పటికే తవ్వి ఉంచిన భాగం ఎక్కువైతే దాన్ని పూడ్చించి, ఒకటి రెండు పైపుల పొడవు మాత్రమే తెరిచి, పైపు వేసి పూడ్చి ముందుకు సాగే పద్ధతికి మార్చండి. రోజు చివర తెరిచిన ట్రెంచ్ మిగలకూడదు, మిగిలితే బారికేడు, ఎర్ర లైటు, రాత్రి కాపలా ఉండాలి, పిల్లలు తిరిగే కాలనీ అది. పైపును స్లింగ్‌తో ఎక్స్‌కవేటర్ దింపాలి, లెవెల్ పైనుంచి స్టాఫ్ (కొలత కర్ర) దింపి చూడవచ్చు, బెడ్డింగ్ ఇసుక బకెట్టుతో పోయించవచ్చు. మనిషి దిగక తప్పని పని జాయింటు ఒక్కటే మిగిలేలా చేస్తే, రెండున్నర లేదా మూడు మీటర్ల పొడవున్న ఒక్క ట్రెంచ్ బాక్స్‌తో ఆ వీధి మొత్తం పూర్తి చేయవచ్చు. బాక్స్ డిజైన్ చేయించేటప్పుడు ఇంజనీరు మిమ్మల్ని లోతు, నేల రకం, నీటిమట్టం, అంచున నిలిచే యంత్రం బరువు, పైపు బయటి వ్యాసం అడుగుతారు. ఈ ఐదూ కొలిచి సిద్ధంగా పెట్టుకోండి.